రాష్ట్ర చట్టాలు, జీవోలు కోర్టులో ఎందుకు పడిపోతున్నాయి? ఫైలు దశలోనే పట్టుకోగలమా?

#1 విధానవిద్యార్థి
అందరికీ నమస్కారం. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నికల కమిషనర్ ఆర్డినెన్స్, ఇంగ్లిష్ మీడియం జీవోలు, రోడ్లపై సభల జీవో. తెలంగాణలో బీసీలకు 42 శాతం జీవో. హరియాణాలో స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టం, బిహార్‌లో 65 శాతం రిజర్వేషన్ చట్టం. ఇవన్నీ హైకోర్టు గడప దగ్గరే ఆగిపోయాయి. తీర్పు వచ్చిన రోజు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వార్త వస్తుంది గానీ, తప్పు ఎక్కడ జరిగిందో అందులో ఉండదు. ముసాయిదా, న్యాయశాఖ పరిశీలన, మంత్రివర్గం, శాసనసభ, గవర్నర్: ఈ దారిలో ఏ మెట్టు దగ్గర పట్టుకోవచ్చు? పార్టీల సంగతి వదిలేసి పని సంగతి చెప్పమని మనవి.

#2 ముసాయిదాకారుడు
మొదటి మెట్టు దగ్గరే చాలా వరకు తేలిపోతుంది. ఏ ముసాయిదాకైనా నాలుగు ప్రశ్నలు వేసి, నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు ఫైలులో పెట్టాలి.

ఒకటి, ఈ విషయం రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో (శాసనాధికారాన్ని కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచేది అదే) ఏ జాబితాలో, ఏ పద్దు (ఎంట్రీ) కింద ఉంది? రెండు, ఉమ్మడి జాబితాలో ఉంటే ఇప్పటికే కేంద్ర చట్టం ఉందా? మూడు, ప్రాథమిక హక్కుల్లో దేన్ని తాకుతోంది, దానికి సమర్థన ఏమిటి? నాలుగు, ఆ సమర్థనకు ఆధారంగా లెక్కలు, నివేదికలు ఏమున్నాయి?

మొదటి ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు బిల్లు పేరు చూసి మోసపోకూడదు. కోర్టు చూసేది చట్టం సారాన్ని. హరియాణా చట్టం పేరులో 'స్థానికుల ఉపాధి' ఉంది. చేసిన పని మాత్రం నెలకు 30 వేలలోపు జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగాల్లో 75 శాతం రాష్ట్రవాసులకే ఇవ్వమని యజమానిని కట్టడి చేయడం. ప్రైవేటు యజమాని బహిరంగ విపణిలో మనుషుల్ని తీసుకోకుండా ఆపే అధికారం రాష్ట్రానికి లేదని, ప్రాథమిక హక్కులకూ ఇది విరుద్ధమని 2023 నవంబరు 17న పంజాబ్-హరియాణా హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వ ఉద్యోగాల్లోనే నివాసం షరతు పెట్టే అధికారాన్ని 16(3) అధికరణ పార్లమెంటుకు మాత్రమే ఇచ్చింది. ఆ ఒక్క వాక్యం చదివినవాళ్లకైనా అనుమానం రావాల్సింది. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన 75 శాతం చట్టాన్ని కూడా ఇదే కళ్లద్దంతో చదవండి.

#3 ఏడోషెడ్యూల్
రెండో ప్రశ్న గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే.

రాజ్యాంగం 254(1) అధికరణ ప్రకారం ఉమ్మడి జాబితాలోని విషయంపై రాష్ట్ర చట్టం, కేంద్ర చట్టం ఢీకొంటే కేంద్ర చట్టమే నిలుస్తుంది, రాష్ట్ర చట్టం ఢీకొన్న మేరకు చెల్లదు. 254(2) ఒక దారి ఇచ్చింది: రాష్ట్ర బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు ఉంచి ఆమోదం పొందితే ఆ రాష్ట్రంలో అదే నడుస్తుంది. పార్లమెంటు తర్వాత మళ్లీ చట్టం చేసి దాన్ని కూడా పక్కన పెట్టగలదు.

ఈ దారి తొక్కకపోతే ఏమవుతుందో చెప్పడానికి పశ్చిమ బెంగాల్ గృహనిర్మాణ నియంత్రణ చట్టం చాలు. 2016లో కేంద్రం రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) తెచ్చింది. 2017లో బెంగాల్ దాదాపు అదే విషయంపై సొంత చట్టం చేసింది. చాలా సెక్షన్లు మక్కీకి మక్కీ, కొన్నిచోట్ల కొనుగోలుదారుకు రక్షణ తక్కువ. రాష్ట్రపతి ఆమోదం తీసుకోలేదు. 2021 మే 4న సుప్రీంకోర్టు మొత్తం చట్టాన్ని కొట్టేసింది.

ఆమోదం కోరినా అంతటితో అయిపోదు. కైజర్-ఇ-హింద్ కేసులో 2002లో రాజ్యాంగ ధర్మాసనం ఒక ముఖ్యమైన మాట చెప్పింది: ఏ కేంద్ర చట్టంతో ఢీకొంటుందని చూపి ఆమోదం కోరారో ఆ మేరకే ఆమోదం రక్షిస్తుంది. 'ఏమైనా వైరుధ్యం ఉంటే దానికి' అని గుండుగుత్తగా రాస్తే కుదరదు. అందుకే పంపే నోట్‌లో మూడు నిలువు వరుసల పట్టిక ఉండాలి: రాష్ట్ర బిల్లు సెక్షన్, అది ఢీకొనే కేంద్ర చట్టం సెక్షన్, ఎందుకు వేరుగా ఉండాలో కారణం. కేంద్ర హోంశాఖ సంబంధిత మంత్రిత్వ శాఖల అభిప్రాయం అడుగుతుంది. ఈ పట్టిక సరిగా లేకపోతే అక్కడే ప్రశ్నలు మొదలై నెలలు గడిచిపోతాయి.

#4 గోదావరిగట్టు
దిశ బిల్లు ఇందుకే ఆగిందంటారా?

#5 ఏడోషెడ్యూల్
అది మహిళలపై నేరాల విషయంలో ఐపీసీ, సీఆర్పీసీలను రాష్ట్రం మేరకు సవరించే బిల్లు. నేరశిక్షా స్మృతి, నేర విచారణ స్మృతి రెండూ ఉమ్మడి జాబితాలో మొదటి రెండు పద్దులు. కాబట్టి రాష్ట్రపతి ఆమోదం లేకుండా అమలు సాధ్యం కాదు. ఆ ఆమోదం రాలేదు. అప్పటి వరకు అది బిల్లే, చట్టం కాదు. 'దిశ చట్టం' అని జనంలో పేరు పడిపోవడం వల్ల ఠాణాకు వెళ్లిన బాధితులు లేని చట్టం కింద కేసు కట్టమని అడిగే పరిస్థితి వచ్చింది. అమల్లోకి రాని బిల్లును చట్టమని ప్రచారం చేయడం వల్ల జరిగే నష్టం ఇదే.

201 అధికరణలో రాష్ట్రపతికి గడువు లేదు. బిల్లును తిప్పి పంపితే మాత్రం సభ ఆరు నెలల్లో మళ్లీ పరిశీలించాలి. సభ మళ్లీ ఆమోదించినా రాష్ట్రపతి ఆమోదించి తీరాలన్న నిబంధన అక్కడ లేదు. గవర్నర్ విషయంలో అలాంటి నిబంధన ఉంది, ఇదే తేడా.

#6 రాజభవన్‌దారి
గవర్నర్ సంగతి వచ్చింది కాబట్టి తాజా స్థితి చెప్పాలి. పాత తీర్పు పట్టుకుని వాదించేవాళ్లు ఇక్కడే పొరపడుతున్నారు.

తెలంగాణ వేసిన కేసులో 2023 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు, 200 అధికరణలోని 'వీలైనంత త్వరగా' అన్న మాటకు రాజ్యాంగపరమైన బరువు ఉందని గుర్తుచేసింది. అదే ఏడాది నవంబరులో పంజాబ్ కేసులో, ఆమోదం నిలిపేసిన గవర్నర్ బిల్లును సభకు తిప్పి పంపాల్సిందేనని చెప్పింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకా ముందుకెళ్లి గడువులు పెట్టింది, పది బిల్లులు ఆమోదం పొందినట్టే భావించాలంది. ఆపై రాష్ట్రపతి దీనిపై సుప్రీంకోర్టు సలహా కోరారు. 2025 నవంబరు 20న ఐదుగురి ధర్మాసనం ఇచ్చిన అభిప్రాయం ప్రకారం కోర్టులు గడువులు విధించలేవు, 'ఆమోదం పొందినట్టే' అనే భావన చెల్లదు. అయితే గవర్నర్ కారణం చెప్పకుండా దీర్ఘకాలం ఏమీ చేయకుండా కూర్చుంటే, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని పరిమితంగా ఆదేశించవచ్చు.

అంటే శాఖలకు మిగిలిన పని ఇదీ: బిల్లు రాజభవన్‌కు చేరిన తేదీ, అడిగిన వివరణలు, ఇచ్చిన జవాబులు తేదీల వారీగా పెట్టుకోవడం. కారణం లేని జాప్యమని నిరూపించాలంటే, జాప్యం మన వైపు లేదని ముందు చూపాలి.

#7 స్థానికపాలన
తెలంగాణ బీసీ జీవో గురించి. 2025 సెప్టెంబరు 26న జీవో 9 వచ్చింది. బీసీలకు 42, ఎస్సీలకు 15, ఎస్టీలకు 10, మొత్తం 67 శాతం. అక్టోబరు 9న హైకోర్టు స్టే ఇచ్చింది. 16న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది.

ఇక్కడ వర్తించేది ఉద్యోగాల రిజర్వేషన్ తర్కం కాదు. స్థానిక సంస్థలకు 243డి(6), 243టి(6) అధికరణలున్నాయి. 2010లో కృష్ణమూర్తి కేసులో కోర్టు, రాజకీయ వెనుకబాటు వేరు, సామాజిక విద్యా వెనుకబాటు వేరు అంది. 2021లో వికాస్ గవళి కేసులో మూడంచెల పరీక్ష స్పష్టంగా పెట్టింది: స్థానిక సంస్థల వారీగా వెనుకబాటు స్వభావాన్ని సమకాలీనంగా లోతుగా పరిశీలించే ప్రత్యేక కమిషన్, ఆ సిఫారసులను బట్టి ఒక్కో సంస్థకు నిష్పత్తి, ఎస్సీ ఎస్టీ బీసీ అన్నీ కలిపి 50 శాతం దాటకపోవడం.

జనం కులగణన ఉంది కదా అంటారు. గణన జనాభాను చెబుతుంది. కోర్టు అడిగేది జనాభాతో పాటు ప్రాతినిధ్యం ఎంత ఉంది, ఎక్కడ లోటు ఉందని. ఏ మండలంలో గత ఎన్నికల్లో జనరల్ స్థానాల్లో బీసీలు ఎంతమంది గెలిచారు అన్న పట్టిక కమిషన్ నివేదికలో లేకుంటే జనాభా శాతం ఒక్కటీ నిలబెట్టదు. రెండు అంచెలూ దాటినా మూడోది మిగిలే ఉంటుంది.

#8 గోదావరిగట్టు
జీవోకు బదులు చట్టం చేసుంటే నిలిచేది కాదా? తమిళనాడులో 69 శాతం నడుస్తూనే ఉంది కదా.

#9 స్థానికపాలన
ఒప్పుకోలేను. బిహార్ చేసింది చట్టమే, 2024 జూన్ 20న పట్నా హైకోర్టు దాన్నీ కొట్టేసింది. రూపం మారినంత మాత్రాన 50 శాతం చిక్కు పోదు.

కానీ జీవోకు అదనంగా ఇంకో బలహీనత ఉంది. పంచాయతీరాజ్ చట్టం 2018లోని 285ఎ సెక్షనులోనే 50 శాతం పరిమితి ఉంది. దాన్ని తీసేసే సవరణ బిల్లు 2025 ఆగస్టు చివర్లో సభ ఆమోదించింది గానీ గవర్నర్ ఆమోదం రాలేదు. మూల చట్టం 50 అంటుంటే కార్యనిర్వాహక ఉత్తర్వు 67 అనలేదు. ఇది రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లాల్సిన వాదన కాదు, మొదటి విచారణలోనే తేలిపోయే వాదన.

తమిళనాడు చట్టం రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్‌లో ఉంది, ప్రాథమిక హక్కులకు విరుద్ధమంటూ కొట్టేయకుండా చట్టాలకు రక్షణ ఇచ్చే షెడ్యూల్ అది. అందులో పెట్టాలంటే పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేయాలి. పైగా 2007 నాటి కోయెల్హో తీర్పు తర్వాత, 1973 ఏప్రిల్ 24 తర్వాత ఆ షెడ్యూల్‌లో చేరిన వాటినీ మౌలిక స్వరూపం దృష్టితో పరిశీలించవచ్చు.

#10 జీవోపాఠకుడు
జీవోల మీద నాలుగు మాటలు. 162 అధికరణ ప్రకారం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం శాసనాధికారం ఉన్నంత మేర ఉంటుంది. చట్టం లేనిచోట జీవో నడుస్తుంది, ఉన్నచోట దానికి లోబడాలి. ప్రాథమిక హక్కును కుదించాలంటే మాత్రం 'చట్టం' కావాలి, ఉత్తర్వు చాలదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు నాటి జీవో ఎంఎస్ 81, 85లను చూడండి. తెలుగు మాధ్యమాన్ని తీసేసి ఇంగ్లిష్ మాధ్యమంలోకి మార్చాలన్నవి అవి. విద్యాహక్కు చట్టం 29(2)(ఎఫ్) సెక్షను, వీలైనంత వరకు మాతృభాషలో బోధన ఉండాలంటుంది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. తెలుగు మాధ్యమం ఉంచి, పక్కనే ఇంగ్లిష్ సెక్షన్లు పెట్టి, తల్లిదండ్రుల ఎంపికకు వదిలి ఉంటే గొడవ వేరుగా ఉండేది.

2023 జనవరి 2 నాటి జీవో ఆర్‌టీ 1 కూడా అంతే. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత రోడ్లపై సభలను ఆపుతూ పోలీసు చట్టం 1861లోని 30వ సెక్షను కింద ఇచ్చారు. ఆ సెక్షను సభలను క్రమబద్ధం చేయడానికి, నిషేధించడానికి కాదు. మే 12న కోర్టు కొట్టేసింది. ఉద్దేశం ప్రాణరక్షణే కావచ్చు. అలాంటప్పుడు రాయాల్సింది రోడ్డు వెడల్పు ఎంత ఉండాలి, ఎంతమంది వరకు అనుమతి, అంబులెన్స్ దారి ఎక్కడ, ఎన్ని రోజుల ముందు దరఖాస్తు, తిరస్కరిస్తే ఎవరికి అప్పీలు అన్నవి. నిషేధం రాయడం తేలిక, నియంత్రణ రాయడానికి పని కావాలి. ఆ పని తప్పించుకున్నచోటే ఉత్తర్వు పడిపోతుంది.

#11 విధానవిద్యార్థి
ఆర్డినెన్స్ సంగతి? సభ లేనప్పుడు అదే దారి కదా.

#12 ముసాయిదాకారుడు
213 అధికరణ: సభ సమావేశంలో లేనప్పుడు, వెంటనే చర్య తీసుకోవాల్సిన పరిస్థితి ఉందని గవర్నర్ సంతృప్తి చెందితేనే. సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు అది గడువు తీరిపోతుంది. ఆమోదించకుండా మళ్లీ మళ్లీ జారీ చేయడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2017లో ఏడుగురి ధర్మాసనం కృష్ణకుమార్ సింగ్ కేసులో చెప్పింది.

2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గిస్తూ, అర్హతను హైకోర్టు మాజీ న్యాయమూర్తికి మారుస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. పదవిలో ఉన్నవారు దిగిపోవాల్సి వచ్చింది. 243కె అధికరణ, నియామకం తర్వాత కమిషనర్ సేవా షరతులను ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదంటుంది. మే 29న హైకోర్టు కొట్టేసింది. కొత్త నిబంధన ఇకముందు నియమితులయ్యేవారికే వర్తిస్తుందన్న ఒక్క సబ్‌సెక్షను ఉండి ఉంటే సగం వాదన పోయేది. వెంటనే అవసరం ఏమిటన్న ప్రశ్న అప్పటికీ ఉండేది.

#13 పాతఫైలు
ఎవరూ ఎత్తని విషయం ఒకటి. చట్టం పడిపోయాక 'తీర్పును సరిచేస్తాం' అని రెండో చట్టం తెస్తారు. దానికి నియమం ఉంది. శాసనసభ తీర్పును రద్దు చేయలేదు. తీర్పు ఏ లోపం మీద నిలబడిందో ఆ లోపాన్ని తొలగించగలదు. 1969 పృథ్వీ కాటన్ మిల్స్ కేసు నుంచి ఇదే మాట.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం రిజర్వేషన్ల వరుస చూడండి. 2004లో 5 శాతం జీవో: బీసీ కమిషన్‌కు నివేదించకుండా చేశారని హైకోర్టు కొట్టేసింది. 2005లో కమిషన్ నివేదికతో చట్టం తెచ్చారు: వెనుకబాటును గుర్తించిన ప్రమాణాలు సరిగా లేవని మళ్లీ కొట్టేసింది. 2007లో మొత్తం సమాజాన్ని కాక వెనుకబడిన ముస్లిం వర్గాలను విడగొట్టి 4 శాతం చేశారు. 2010 ఫిబ్రవరిలో ఏడుగురి ధర్మాసనం సర్వే పద్ధతిని తప్పుపట్టింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నడవడానికి వీలు కల్పించింది. ప్రతి తీర్పూ తర్వాతి ముసాయిదాకు పాఠమైంది, మూడోసారి ప్రతి మెట్టుకూ అంతకు ముందు లేని సామగ్రి ఉంది.

ఎస్సీ వర్గీకరణ కూడా. 2000 నాటి చట్టాన్ని 2004లో చిన్నయ్య తీర్పు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురి ధర్మాసనం 6-1తో ఆ తీర్పును పక్కనపెట్టింది, ప్రాతినిధ్యం లోటును చూపే ఆధారాలుండాలని షరతు పెట్టింది. ఆ తర్వాత తెలంగాణ ఏకసభ్య కమిషన్ వేసి, 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి, 15 శాతాన్ని 1, 9, 5గా విభజిస్తూ చట్టం తెచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు. ముందు కమిషన్, తర్వాత నివేదిక, తర్వాత చట్టం. ఈ వరుస తప్పకపోవడమే దాని బలం.

#14 రిట్‌వాది
ఇక సవాలు చేసేవాళ్ల వైపు నుంచి. తప్పులు ఇటూ తక్కువేం కాదు.

226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసేటప్పుడు గెజిట్‌లో వచ్చిన ప్రతి జతచేయాలి, వెబ్‌సైట్ నుంచి దించిన ముసాయిదా కాదు. ఉద్దేశాలు కారణాల ప్రకటన, ఆర్థిక పత్రం, సభా చర్చ, కమిషన్ నివేదిక ఉంటే అవి కూడా. ప్రతివాదులుగా ప్రధాన కార్యదర్శి, సంబంధిత శాఖ, న్యాయశాఖ, అడ్వకేట్ జనరల్‌కు నోటీసు. చట్టబద్ధతనే ప్రశ్నిస్తే సాధారణంగా డివిజన్ బెంచ్ వింటుంది.

ప్రార్థన భాగంలో మొత్తం చట్టాన్ని కొట్టేయమని ఒక్క వాక్యం రాయడం పెద్ద తప్పు. ఏ సెక్షను, ఏ అధికరణకు, ఎలా విరుద్ధమో విడివిడిగా రాయాలి. చెడిన సెక్షనును తీసేస్తే మిగిలింది నిలబడుతుందా అని కోర్టు చూస్తుంది (1957 ఛమర్‌బాగ్‌వాలా సూత్రం). నిలబడదని మీ వాదన అయితే ఆ సెక్షన్లు ఎలా ముడిపడి ఉన్నాయో మీరే చూపాలి.

శాసనసభకు దురుద్దేశం ఆపాదించి పేజీలు నింపడం వృథా. సభ ఉద్దేశంపై ఆ ఆరోపణ నిలవదు. చట్టం చెల్లుతుందన్న భావన మొదటి నుంచి ప్రభుత్వం వైపే ఉంటుంది, తొలగించే బరువు పిటిషనరుదే. స్పష్టమైన ఏకపక్షత (మానిఫెస్ట్ ఆర్బిట్రరినెస్) అనే ఆధారం 2017 షాయరా బానో తర్వాత బలపడింది. కానీ 'అన్యాయంగా ఉంది' అంటే సరిపోదు, చట్టం పెట్టుకున్న లక్ష్యానికీ చేసిన వర్గీకరణకూ సంబంధం లేదని చూపాలి.

స్టే గురించి: హరియాణా కేసులో 2022 ఫిబ్రవరి 3న హైకోర్టు స్టే ఇస్తే, తగిన కారణాలు రాయలేదని అదే నెల 17న సుప్రీంకోర్టు ఎత్తేసింది. చివరకు పిటిషనర్లే గెలిచారు, కానీ ఏడాదిన్నరకు పైగా చట్టం నెత్తిన ఉంది. కాబట్టి మధ్యంతర దరఖాస్తులోనే, రేపు స్టే లేకపోతే తిరిగి సరిచేయలేని నష్టం ఏమిటో ప్రత్యేక పేరాలో రాయండి. ఉత్తర్వులో కారణాలు రాయడానికి కోర్టుకు సామగ్రి మీరే ఇవ్వాలి.

#15 సర్వేనంబరు
కోర్టు కొట్టేయకుండానే పోయిన చట్టం గురించీ మాట్లాడాలి. ఆంధ్రప్రదేశ్ భూమి హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్). రాష్ట్రపతి ఆమోదం ఉంది, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. 2024లో ప్రభుత్వం మారగానే రద్దు. ఏడోషెడ్యూల్ గారు చెప్పిన పట్టిక ప్రకారం అంతా సక్రమమే.

భయం పుట్టింది సివిల్ కోర్టులకు తలుపు మూయడంతో. టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి, పైన అప్పిలేట్ అధికారి, ఆ తర్వాత నేరుగా హైకోర్టు. రెండెకరాల రైతుకు దగ్గర్లోని సివిల్ కోర్టు అందుతుంది, హైకోర్టు అందదు. రీసర్వే పూర్తికాని గ్రామాల్లో హక్కు నమోదు ఎలా అన్నదీ తేలలేదు. ఆ బిల్లును గ్రామసభల్లో చదివి వినిపించి ఉంటే ఈ రెండు ప్రశ్నలూ మొదటి రోజే వచ్చేవి. కేంద్రంలో 2014 నుంచి బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచే విధానం ఉంది. అది రాష్ట్రాలకు కట్టుబాటు కాదు. రాష్ట్రాలే సొంతంగా పెట్టుకోవాలి, శాసనసభ నియమావళిలో చేర్చితే ఇంకా గట్టిగా ఉంటుంది.

#16 ముసాయిదాకారుడు
సర్వేనంబరు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక చేర్పు: సంచిత నిధి (రాష్ట్ర ఖజానా) నుంచి ఖర్చయ్యే బిల్లును గవర్నర్ సిఫారసు లేకుండా సభ ఆమోదించకూడదని 207(3) అధికరణ చెబుతుంది. ఆర్థిక పత్రంలో 'అదనపు ఖర్చు లేదు' అని అలవాటుగా రాసేస్తారు. కొత్త ట్రిబ్యునల్, కొత్త అధికారులు, కొత్త సర్వే ఉన్న బిల్లుకు ఖర్చు లేకపోవడం ఎలా కుదురుతుంది? ఆ లెక్క నిజాయితీగా వేస్తే, ఏటా ఎంతమంది సిబ్బంది కావాలో తెలిసి, సగం అసాధ్యాలు మంత్రివర్గం ముందే బయటపడతాయి.

#17 విధానవిద్యార్థి
చివరిగా ఒకటి. చట్టం కొట్టేశాక, అప్పటిదాకా దాని కింద ఇచ్చిన అనుమతులు, ఉద్యోగాలు ఏమవుతాయి?

#18 రిట్‌వాది
కొట్టేసిన చట్టం మొదటి నుంచీ లేనట్టే అన్నది సాధారణ సూత్రం. బెంగాల్ కేసులో సుప్రీంకోర్టు 142 అధికరణ వాడి, అప్పటికే ఇచ్చిన రిజిస్ట్రేషన్లు, అనుమతులు చెల్లుతాయని ప్రత్యేకంగా చెప్పింది, ఇళ్లు కొన్నవాళ్లు నలిగిపోకూడదని. 142 అధికారం సుప్రీంకోర్టుకే ఉంది. హైకోర్టు కూడా తగిన సందర్భాల్లో ఉపశమనాన్ని తీర్చిదిద్దగలదు గానీ అడగకపోతే ఆ పేరా తీర్పులో రాకపోవచ్చు. ప్రభుత్వ కౌంటర్‌లో ఎంతమందికి ఎన్ని అనుమతులు ఇచ్చారో తేదీలతో అనుబంధం పెట్టి, ప్రత్యామ్నాయంగా వాటి రక్షణ కోరాలి. నష్టపోయే మూడో వ్యక్తులు తమనూ కేసులో చేర్చుకోమని ఇంప్లీడ్ పిటిషన్ వేసుకోవాలి, తీర్పు రిజర్వు కాకముందే.

#19 విధానవిద్యార్థి
అందరికీ కృతజ్ఞతలు. ఏడోషెడ్యూల్ గారూ, ఆ మూడు వరుసల పట్టికకు ఒక నమూనా ఇక్కడే పెట్టగలరా? రెరా లాంటి ఒక్క సెక్షన్ తీసుకున్నా చాలు.

#20 ఏడోషెడ్యూల్
రెరా 13వ సెక్షను తీసుకుందాం. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి బయానా తీసుకోకూడదని అది చెబుతుంది. ఊహకు ఒక రాష్ట్ర బిల్లు 20 శాతం దాకా తీసుకోవచ్చంటే, పట్టిక ఇలా ఉండాలి. మొదటి వరుస: బిల్లు సెక్షన్ నంబరు, '20 శాతం వరకు' అన్న పాఠం యథాతథంగా. రెండో వరుస: రెరా 13(1), '10 శాతానికి మించరాదు' అన్న పాఠం యథాతథంగా. మూడో వరుస: రాష్ట్రంలో ఈ మార్పు ఎందుకు అవసరమో, ఏ నివేదిక ఏ పేజీలో ఉందో. మూడో వరుసలో రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ సెక్షనును బిల్లులోంచి తీసేయండి.